ధర్మ సంస్థలకు కరెంటు రాయితీ ఎక్కడి నుంచి వస్తుంది?

విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక పౌరశాస్త్ర పాఠం, చివర కొంచెం లెక్కలు

ఉపకార వేతనాల నిధికి డబ్బు ఎలా వస్తుందో మన పాఠకులకు బాగా తెలుసు. పెళ్లిళ్లలో ఇచ్చే కట్నాలు, పెద్దల జ్ఞాపకార్థం ఇచ్చే శాశ్వత నిధులు, ఉద్యోగాల్లో స్థిరపడిన పాత విద్యార్థులు పంపే చెక్కులు, ఇవన్నీ ప్రతి సంచికలో అచ్చవుతూనే ఉంటాయి. అయితే ఆ నిధికి చేరవలసిన డబ్బు చేరకముందే ఎక్కడ ఖర్చవుతుందో అంతగా ఎవరూ చూడరు. సంఘ భవనానికీ, వసతి గృహానికీ, పఠన మందిరానికీ నెలనెలా వచ్చే కరెంటు బిల్లు అలాంటి చోటే.

"మనది లాభాపేక్ష లేని సంస్థ కదా, కరెంటు వాళ్లు రాయితీ ఇవ్వరా?" అనే ప్రశ్న సర్వసభ్య సమావేశాల్లో తరచుగా వినబడుతుంది. దానికి వచ్చే జవాబు కూడా పాతదే: "ఎవరైనా కార్పొరేటరును పట్టుకుంటే పని జరుగుతుంది." ఈ జవాబు ఎందుకు సరైనది కాదో తెలుసుకోవడమే ఈ పాఠం. ఇందుకు ముంబయి నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఎందుకంటే అక్కడ కరెంటు పంచే సంస్థ సాక్షాత్తూ నగరపాలక సంస్థదే.

నగరం సొంత కరెంటు

ముంబయిలో ఎర్ర బస్సుల మీద కనిపించే 'బెస్ట్' అనే పేరే కరెంటు బిల్లు మీద కూడా ఉంటుంది. ఈ సంస్థ 1905లో బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్‌వేస్ కంపెనీగా మొదలయింది. అప్పట్లో అది ప్రైవేటు కంపెనీ. 1947 ఆగస్టు 7న, అంటే స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా 8 రోజుల ముందు, బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ దాన్ని స్వాధీనం చేసుకుంది. దక్షిణాన కొలాబా నుంచి ఉత్తరాన మాహిం, సయన్ వరకు ఉన్న పాత నగరంలో సుమారు 10 లక్షల కనెక్షన్లకు బెస్ట్ కరెంటు పంచుతోంది. కరెంటు తాను తయారు చేయదు, ఇతరుల నుంచి కొని పంచుతుంది.

మన తెలుగువారికి ఈ ప్రాంతం కొత్త కాదు. నిజాం రాజ్యం నుంచి ఇళ్ల కట్టుబడి పనులకు వెళ్లిన కామాటీల పేరు మీదనే కామాటిపురా ఏర్పడింది. బట్టల మిల్లుల్లో పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు వర్లీ, పరేల్ చాళ్లలో తరాలుగా ఉన్నాయి. దాదర్ కూడా బెస్ట్ పరిధిలోదే. కాబట్టి అక్కడి తెలుగు సంఘాల భవనాలకు వచ్చేది ఈ బిల్లే.

నగరపాలక సంస్థే యజమాని అయినప్పుడు, ధర్మ సంస్థకు బిల్లు తగ్గించమని ఆ సంస్థనే అడగవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే అసలు సంగతి ఉంది. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం యూనిట్ ధర నిర్ణయించే అధికారం కరెంటు పంచే సంస్థకు లేదు. అది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌ది. కమిషన్ బహిరంగ విచారణ జరిపి, ఏ రకం వాడకానికి ఎంత ధరో ఉత్తర్వు ఇస్తుంది. మహారాష్ట్ర సరఫరా నియమావళిలో ఇంకొక మాట ఉంది. వాడకాన్ని బట్టి వినియోగదారుణ్ణి ఏదో ఒక తరగతిలో చేర్చే పని పంపిణీ సంస్థదే, కాని కమిషన్ ఒప్పుకోని కొత్త తరగతిని అది సృష్టించకూడదు. అందువల్ల బెస్ట్ అధికారి మనమీద ఎంత అభిమానం ఉన్నా 'ధర్మ సంస్థల రేటు' అని ఒకటి తానుగా రాయలేడు.

ప్రభుత్వం తలచుకుంటే రాయితీ ఇవ్వవచ్చు. అయితే చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తాన్ని ప్రభుత్వమే పంపిణీ సంస్థకు ముందుగా చెల్లించాలి. ఎవరో ఒకరు భరించనిదే రాయితీ లేదు. బెస్ట్ వినియోగదారులకు ఇది అనుభవమే. కొన్నేళ్లపాటు బస్సుల నష్టంలో కొంత భాగాన్ని వాళ్ల కరెంటు బిల్లుల్లోనే కలిపి వసూలు చేశారు. బస్సు ఎక్కనివాడు కూడా బస్సు నష్టం కట్టాడన్నమాట!

'ప్రయోజనం' అనే ఒక్క మాట

చట్టంలోని 62వ సెక్షన్, మూడవ ఉపవిభాగం పరీక్షల్లో అడగరు గాని తెలుసుకోదగినది. కమిషన్ ఏ వినియోగదారుణ్ణీ అనుచితంగా ఆదరించకూడదని అది చెబుతుంది. అంతలోనే కొన్ని ఆధారాల మీద ధరల్లో తేడా చూపవచ్చునని కూడా చెబుతుంది. వాడకం ఎంత, ఏ వోల్టేజి మీద, ఏ ప్రాంతంలో, ఏ ప్రయోజనం కోసం, ఇలాంటివి ఆ ఆధారాలు. వాడేవాడు మంచివాడా, ట్రస్టా, కంపెనీయా అన్న ఆధారం ఆ జాబితాలో లేదు. ఏ ప్రయోజనానికి వాడుతున్నాడన్నది ఉంది.

ఈ మాట చుట్టూ మహారాష్ట్రలో పెద్ద వివాదమే నడిచింది. ఒక దశలో ఇల్లు కానిదీ, పరిశ్రమ కానిదీ అంతా కలిపి వాణిజ్య తరగతిలో వేశారు. షాపింగ్ మాల్‌కు ఏ రేటో బడికీ, ఆసుపత్రికీ, సేవ చేసే ఆధ్యాత్మిక సంస్థకూ అదే రేటు. ఆసుపత్రుల సంఘం, మరికొందరు ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2011లో ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, సేవాభావంతో నడిచే ఆధ్యాత్మిక సంస్థలు కరెంటు వాడే ప్రయోజనం వేరు, మాల్ వాడే ప్రయోజనం వేరు, వీటిని వేరే తరగతిగా చూడవచ్చు అన్నది దాని సారాంశం. ఆ తర్వాతి టారిఫ్ ఉత్తర్వుల్లో 'పబ్లిక్ సర్వీసెస్' అనే తరగతి వచ్చింది. అందులో రెండు భాగాలు చేశారు. ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు మొదటి భాగం. మిగిలినవారు నడిపే బడులు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, పఠన మందిరాలు, సేవా దృక్పథం గల ఆధ్యాత్మిక సంస్థలు మొదలైనవి రెండవ భాగం.

ఈ తీర్పును విద్యార్థులు గమనించాలి. ఆ సంస్థలు "మేం మంచి పని చేస్తున్నాం, దయ చూపండి" అని గెలవలేదు. "చట్టంలో ప్రయోజనం అనే మాట ఉంది, దాన్ని అమలు చేయండి" అని గెలిచాయి. మన సంఘాల వినతి పత్రాల్లో సేవా కార్యక్రమాల వర్ణన మూడు పేజీలు, అడగవలసిన విషయం రెండు వాక్యాలు ఉంటుంది. తిరగేసి రాస్తే బాగుంటుంది.

ఒకే భవనం, నాలుగు రేట్లు

ఇప్పుడు ఒక ఊహా భవనం తీసుకుందాం. కింది అంతస్తులో చిన్న గుడి, దాని పక్కన హాలు. మొదటి అంతస్తులో పఠన మందిరం, ట్రస్టు కార్యాలయం. రెండవ అంతస్తులో విద్యార్థుల వసతి గృహం. భవనం మొత్తానికీ ఒకే ట్రస్టు, ఒకే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. కాని కమిషన్ కళ్లతో చూస్తే ఇవి ఒకటి కావు.

మహారాష్ట్రలో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా వంటి ప్రార్థనా స్థలాలను గృహ వాడకం తరగతిలో ఉంచారు. వసతి గృహాలు కూడా అందులోనే: విద్యాసంస్థలకు అనుబంధమైనవీ, ఇతర విద్యార్థుల, ఉద్యోగుల హాస్టళ్లూ. అనాథాశ్రమాలు, వికలాంగుల వసతి గృహాలు, ధర్మశాలలు కూడా గృహ తరగతికి అర్హమైనవే గాని, వాటిని సంస్థ ఉన్నతాధికారి పరిశీలించి ధ్రువీకరించాలి. పఠన మందిరం పబ్లిక్ సర్వీసెస్. ట్రస్టు కార్యాలయం మాత్రం కార్యాలయమే, వాణిజ్య తరగతి. హాలును పెళ్లిళ్లకు అద్దెకిస్తే అది కూడా వాణిజ్యమే. గుడి ఆవరణలోనే ఉన్నా సరే, అద్దెకిచ్చే హాలుకూ, తోటకూ గుడి రేటు వర్తించదని టారిఫ్ ఉత్తర్వుల్లో స్పష్టంగా ఉంది.

వినాయక చవితి, నవరాత్రుల వంటి సామూహిక ఉత్సవాలకు తీసుకునే తాత్కాలిక కనెక్షన్‌కు కూడా వాణిజ్య రేటు కాకుండా తక్కువ రేటు ఏర్పాటు ఉంది. చాలా మండపాల వాళ్లకు ఇది తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పనక్కరలేదు.

సందేహం వచ్చేది ఆదివారం తెలుగు తరగతి, కుట్టు శిక్షణ, కంప్యూటర్ శిక్షణ వంటి గదుల విషయంలో. ఉత్తర్వులో "బడులు, కళాశాలల వంటి విద్యాసంస్థలు" అని ఉంటుంది. వారానికి రెండు గంటల తరగతి అందులోకి వస్తుందా, రాదా అన్నది అధికారిని బట్టి మారకూడదు. అక్కడ జరిగే పనిని ఉన్నది ఉన్నట్టు రాసి, ఏ తరగతి వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగడం మేలు. నోటిమాటగా వచ్చిన "పరవాలేదు" తనిఖీ రోజున పనికిరాదు.

ఇక్కడ ఒక మెలిక చెప్పాలి. గృహ తరగతి అంటే చవక అని అందరి నమ్మకం. చిన్న కుటుంబానికి అది నిజం. బెస్ట్ గృహ రేట్లు మెట్ల పద్ధతిలో ఉంటాయి: మొదటి 100 యూనిట్లకు తక్కువ, 300 వరకు కొంచెం ఎక్కువ, 500 వరకు ఇంకా ఎక్కువ, ఆ పైన అన్నిటికంటె ఎక్కువ. అరవై మంది పిల్లలుండే హాస్టలుకు ఒకే మీటరు ఉంటే వాడకంలో ఎక్కువ భాగం పై మెట్టు మీదనే పడుతుంది. కమిషన్ రేట్లు మారుతూ ఉంటాయి గనుక, లెక్క అర్థం కావడానికి మాత్రమే కొన్ని ఊహా రేట్లు అనుకుందాం: మొదటి 100 యూనిట్లకు 3 రూపాయలు, తర్వాతి 200కు 6, తర్వాతి 200కు 9, ఆ పైన 12.

200 యూనిట్లు వాడే కుటుంబం 300, 600 కలిపి 900 రూపాయలు కడుతుంది. యూనిట్‌కు సగటున నాలుగున్నర రూపాయలు. 2000 యూనిట్లు వాడే హాస్టలు 300, 1200, 1800, ఆపై 1500 యూనిట్లకు 18,000 కలిపి 21,300 రూపాయలు కడుతుంది. సగటు 10 రూపాయల 65 పైసలు. ఎంత వాడినా యూనిట్‌కు 10 రూపాయలే అనే తరగతి ఒకటి ఉంటే అక్కడ 20,000తో సరిపోతుంది. కాబట్టి "మమ్మల్ని గృహ తరగతిలోకి మార్చండి" అని దరఖాస్తు పెట్టే ముందు రెండు విధాలా లెక్క కట్టి చూడాలి. తరగతిని మన ఇష్టప్రకారం ఎంచుకునే వీలు లేదు, అది వాడకాన్ని బట్టే వస్తుంది. కాని ఫలితం ఏమిటో తెలియకుండా దరఖాస్తు పెట్టడం తెలివైన పని కాదు. అలాగే మెట్టు తగ్గించుకోవడానికి ఒకే హాస్టలుకు నాలుగు మీటర్లు పెట్టించుకోవడం కూడా సరైన దారి కాదు. వేర్వేరు ప్రయోజనాలకు వేర్వేరు మీటర్లు అడగడం న్యాయమైన కోరిక. దానికే ప్రయత్నించాలి.

సుంకం సంగతి

బిల్లులో కరెంటు ధర, స్థిర ఛార్జీ, తీగల మీద సరఫరాకు వేసే వీలింగ్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు ఛార్జీ, వీటన్నిటి కింద 'విద్యుత్ సుంకం' అని ఒక వరుస ఉంటుంది. అది కమిషన్ వేసిందీ కాదు, బెస్ట్‌కు చెందేదీ కాదు. రాష్ట్ర ప్రభుత్వపు పన్ను. బెస్ట్ వసూలు చేసి ఖజానాకు జమ చేస్తుంది.

దీని కథ మన పెద్దలకు తప్పక తెలియాలి. 1958 నాటి బొంబాయి విద్యుత్ సుంకం చట్టం కింద ధార్మిక ట్రస్టులు నడిపే విద్యాసంస్థలకు ఈ సుంకం నుంచి మినహాయింపు ఉండేది. 2016లో మహారాష్ట్ర కొత్త సుంకం చట్టం తెచ్చి, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలు చేసింది. కొత్త చట్టంలో పాత మినహాయింపు ఆ రూపంలో లేదు. విలే పార్లే కేళవణి మండల్ మొదలైన విద్యా ట్రస్టులు హైకోర్టుకు వెళ్లి గెలిచాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. చట్టంలో స్పష్టంగా రాయని మినహాయింపును ఊహించి ఇవ్వలేమనీ, కొత్త చట్టం కింద ధార్మిక ట్రస్టుల విద్యాసంస్థలకు సుంకం మినహాయింపు లేదనీ తేల్చింది.

అందుచేత "మా నాన్నగారి కాలంలో సుంకం కట్టలేదు" అనే వాదన మహారాష్ట్రలో ఇప్పుడు నిలవదు. ఇది కొందరికి బాధ కలిగించే మాటే. కాని దాని కోసం వకీలు ఫీజు పోయడం కన్నా, మనకు నిజంగా వర్తించే తరగతి సరిగా ఉందో లేదో చూసుకోవడంలో లాభం ఎక్కువ.

దరఖాస్తు, తనిఖీ, జరిమానా

ముందుగా బిల్లు చేతికి తీసుకుని 'టారిఫ్' లేదా 'కేటగిరీ' అన్న చోట ఏముందో చూడాలి. తర్వాత కమిషన్ టారిఫ్ ఉత్తర్వులో ఆ తరగతి నిర్వచనం చదవాలి. ఈ ఉత్తర్వులు కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషులో ఉంటాయి గనుక ఇంటర్ చదివే పిల్లలు పెద్దలకు చదివి చెప్పవచ్చు. తేడా కనబడితే వార్డు కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద చారిటీ కమిషనర్ కార్యాలయం ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాత బిల్లులు, ఏ గదిలో ఏ పని జరుగుతుందో చూపే నక్షా, పఠన మందిరపు హాజరు పుస్తకం లేదా హాస్టలు ప్రవేశాల రిజిస్టరు ప్రతులు జత చేస్తే అధికారికీ పని సులభమవుతుంది. రసీదు మీద తేదీ ముద్ర తప్పనిసరిగా వేయించుకోవాలి.

దరఖాస్తును పట్టించుకోకపోతే సంస్థలోనే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటాడు. 2003 చట్టం 42వ సెక్షన్ కింద ఇవి దేశమంతటా ఉన్నాయి. మహారాష్ట్రలో వివాదం పుట్టిన 2 సంవత్సరాల లోపు వేదికకు వెళ్లాలి. సంఘాల్లో కార్యవర్గం మారినప్పుడల్లా పాత కాగితాలు ఎవరి ఇంట్లోనో ఉండిపోతాయి. ఈ గడువు చాలావరకు అలాగే దాటిపోతుంది.

ఇక రెండవ వైపు. తక్కువ రేటు మీటరు మీద ఎక్కువ రేటు పని చేస్తే చట్టం 126వ సెక్షన్ దాన్ని 'అనధికార వాడకం' అంటుంది. దొంగతనం కాదు గాని జరిమానా బరువైనదే. సరైన తరగతి రేటుకు రెండు రెట్లు లెక్క కడతారు. ఎప్పటి నుంచి జరుగుతోందో తేలకపోతే తనిఖీకి ముందరి 12 నెలలకు వేస్తారు. గుడి మీటరు మీద హాలు నడిపి, నెలకు 400 యూనిట్లు వాడారనుకుందాం. వాణిజ్య రేటు 11 రూపాయలని ఊహిస్తే, 12 నెలలకు 4,800 యూనిట్లు, 52,800 రూపాయలు. రెండు రెట్లు 1,05,600 రూపాయలు. కట్టేసిన బిల్లులు సర్దుబాటు చేసినా మిగిలేది చిన్న మొత్తం కాదు. దీని మీద అప్పీలు చేయాలంటే తుది ఉత్తర్వు వచ్చిన 30 రోజుల లోపు, విధించిన మొత్తంలో సగం ముందుగా జమ చేసి మరీ చేయాలి. ఫిర్యాదుల వేదిక ఇలాంటి కేసు తీసుకోదు. హాలు అద్దెల మీద వచ్చే ఆదాయంతోనే ఉపకార వేతనాలు ఇచ్చే సంఘాలు చాలా ఉన్నాయి. అలాంటి సంఘాలు హాలుకు వేరే మీటరు పెట్టించి వాణిజ్య రేటే కట్టడం క్షేమం. ఆ ఖర్చు అద్దెలో కలుపుకోవచ్చు. జరిమానాను మాత్రం ఎవరి అద్దెలోనూ కలపలేం.

మన ఇతర ప్రాంతాల్లో

షోలాపూర్, భివండీ వారికి బెస్ట్ లేదు. అయినా కమిషన్ అదే గనుక తరగతుల తీరు చాలావరకు ఇదే. ఒడిశాలో కమిషన్ 'నిర్దిష్ట ప్రజా ప్రయోజనం' అనే పేరుతో ఒక తరగతి ఉంచింది. మత, విద్యా సంస్థలు, ఆసుపత్రులు అందులోకి వస్తాయి. బరంపురం, రాయగడ, జయపురం సంఘాల వారు తమ బిల్లు మీద ఆ పేరు ఉందో లేదో చూసుకోవాలి. తమిళనాడులో ప్రార్థనా స్థలాలకూ, విద్యాసంస్థలకూ వేర్వేరు టారిఫ్‌లు ఉన్నాయి. కర్ణాటక సంఘాలు తమ రాష్ట్ర కమిషన్ తాజా ఉత్తర్వునే చూడాలి. యానాం వారికి కరెంటు పుదుచ్చేరి పరిధిలోది. అక్కడి రేట్లు కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి కమిషన్ నిర్ణయిస్తుంది గాని ఆంధ్రప్రదేశ్ కమిషన్ కాదు. కాకినాడ బంధువుల బిల్లుతో పోల్చి వాదించడం అనవసరం.

అభ్యాసం

1. మీ సంఘ భవనం బిల్లు ఒకటి అడిగి తీసుకోండి. అందులోని వరుసల్లో కమిషన్ నిర్ణయించినవి ఏవి, రాష్ట్ర ప్రభుత్వపు పన్ను ఏది, విడదీసి రాయండి.

2. ఒక పఠన మందిరం నెలకు 600 యూనిట్లు వాడుతుంది. వాణిజ్య రేటు 11 రూపాయలు, పబ్లిక్ సర్వీసెస్ రేటు 9 రూపాయలు అనుకుంటే ఏడాదికి ఎంత తేడా? ఆ మొత్తంతో మీ తరగతిలో ఎంతమందికి పాఠ్యపుస్తకాలు కొనవచ్చు?

3. పైన చెప్పిన ఊహా మెట్ల రేట్ల ప్రకారం, నెలకు ఎన్ని యూనిట్లు దాటితే గృహ తరగతి కన్నా యూనిట్‌కు 10 రూపాయల ఒకే రేటు చవక అవుతుంది? (సూచన: మొదటి 500 యూనిట్లకు 3,300 రూపాయలు అవుతుంది. మిగిలినదానికి సమీకరణం రాయండి.)

జవాబులు: రెండవ లెక్కకు 14,400 రూపాయలు. మూడవదానికి 1,350 యూనిట్లు.